పెద్దల్లుడి హస్తవాసి

బాన్సువాడ బస్టాండు వెనక సందులో దేవదాస్‌కు సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. చాలా చిన్నది. ఇద్దరు గిరాకీలు లోపల నిలబడితే మూడోవాడు ఎండలో ఉండాల్సిందే. అయినా పిట్లం నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి జనం ఆ సందు వెతుక్కుంటూ వస్తారు. రిపేరు కోసం వచ్చేవాళ్లు కొందరే. ఎక్కువమంది కొత్త ఫోను డబ్బా చంకలో పెట్టుకొని వస్తారు. ఎక్కడ కొన్నా సరే, దాన్ని మొదటిసారి ఆన్ చేయడం మాత్రం దేవదాస్ చేత్తోనే జరగాలి. అతని హస్తవాసి మంచిదని పేరు.

ఆ పేరు మామ రూప్లా ఫోను వల్ల వచ్చింది. తండాలో అందరికంటే ముందు బటన్ల ఫోను కొన్నది రూప్లాయే. అప్పటికి కొత్తల్లుడైన దేవదాస్ దాన్ని ఆన్ చేసి మామ చేతిలో పెట్టాడు. ఆ ఫోను కాలువలో పడింది, ట్రాక్టరు టైరు కింద పడింది, ఒకసారి మేకల దాణాలో కలిసిపోయి మేకల కొట్టంలో మోగింది. చివరికి రూప్లా పోయాడు కానీ ఫోను పోలేదు. ఇంకేం కావాలి? పెద్దల్లుడి చెయ్యి మంచిదని తండా అంతా తీర్మానించేసింది.

హస్తవాసి ఉన్న మనిషిని జనం అభిప్రాయాలు కూడా అడుగుతారు. దేవదాస్ దగ్గర వాటికి కరువు లేదు. మడతపెట్టే ఫోను గురించి ఎవరైనా అడిగితే, "రొట్టెను మడిస్తే మడత కాడ ఇరుగుతది. ఫోనుకు వేరే న్యాయం ఉంటదా?" అంటాడు. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే గడియారాన్ని చూపిస్తే, "గుండె ఆగితే గడియారమే చెప్పాల్నా, పక్కింటోళ్లు చెప్పరా?" అంటాడు. ఏఐ మీద అతని మాట సందులో అందరికీ కంఠతా వచ్చు: "మా మంగ్యా మామ అసొంటిది. ఏది అడిగినా తెల్వదు అనదు. తప్పే చెప్తది గని జోరుగ చెప్తది."

వర్ని వైపు వరి మళ్ల మీద రామబ్రహ్మంగారనే ఆసామి మనవడు వంశీ డ్రోన్‌తో మందు కొడుతున్నాడని విని, దుకాణానికి తాళం వేసి మరీ చూడటానికి పోయాడు దేవదాస్. వచ్చి, "ఏముంది, పెద్ద తూనీగ. గాలి మర్రిందంటే మందు పక్కోని మడిల" అని చప్పరించేశాడు. ఆ తర్వాత నెల రోజులూ అన్నం తింటూ డ్రోన్ల వీడియోలే చూశాడు. దేవదాస్ ఒక వస్తువును ఎంత తిడితే దాని మీద అంత మనసు పడ్డాడని లెక్క. ఈ లెక్క తెలిసిన మనిషి అతని భార్య జ్యోతి ఒక్కతే.

అందరూ అడుగుతారు కానీ, దేవదాస్‌ను ఏదీ అడగని మనిషి ఒకడున్నాడు. అతని సడ్డకుడు, అంటే తోడల్లుడు, వినోద్‌కుమార్. జ్యోతి చెల్లెలు మంజుల మొగుడు. హైదరాబాదులో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూములో అమ్మకాల పని. షోరూము వాళ్లిచ్చిన టీషర్టు వేసుకొనే అత్తగారింటికి వస్తాడు. ఏ వస్తువునూ తిట్టడు. ఏది అడిగినా నవ్వి, "మస్తుంటది, వాడి చూడు" అంటాడు. దేవదాస్‌కు అతనిలో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. కడుపులో కుంపటి రాజుకోవడానికి అదే చాలు.

పెళ్లైన కొత్తలో వినోద్ మాట తండాలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈమధ్య పిల్లలు ఫోను కొనాలంటే ముందు అతనికే వాట్సాప్ పెడుతున్నారు. అతను చెప్పిందే కొని, తర్వాత దేవదాస్ దగ్గరికి వచ్చి, "అన్నా, చాలు చేసియ్యి" అంటూ ఆన్ చేయించుకుంటున్నారు. కొనేముందు అడగాల్సిన మనిషిని కొన్నాక అడుగుతున్నారు. కొన్నాళ్లకు అదీ మానేస్తారు. దేవదాస్ భయమంతా అదే.

ఆ భయం ఒక ఆదివారం నాడు, అత్తగారింట్లో, అందరి ముందూ నిజమైంది.

అత్త హీరాబాయి కొత్తగా స్లాబు వేయించి, వైఫై పెట్టించి, టైల్సు పరిపించింది. టైల్సు మెరుస్తున్నాయి కానీ ఊడవడానికి ఆమె మోకాళ్లు వంగడం లేదు. వంగొద్దని బాన్సువాడ దవాఖానలో డాక్టరు కూడా చెప్పాడు. ఆ సంగతి మంజుల ద్వారా విన్న వినోద్‌కుమార్ ఒక అట్టపెట్టె పట్టుకొని దిగాడు. లోపలి నుంచి నల్లగా, గుండ్రంగా, తాబేలు లాంటి వస్తువు తీసి నడింట్లో పెట్టాడు.

"గిదేంది బిడ్డా, గంజు మీది మూత లెక్కుంది?" అంది హీరాబాయి.

"ఊడ్చే రోబో అత్తా. ఇగ నువ్వు వంగుడు బంద్."

ఇరుగుపొరుగు మోతీబాయి, జమ్లి గడప దగ్గర చేరారు. హీరాబాయి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "పెద్దల్లుడా, జర నీ చేతితోని చాలు చెయ్యి" అంది.

దేవదాస్‌కు ఆ పిలుపు కోసమే ప్రాణం లాగుతోంది. తినే రొట్టె పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, తువ్వాలుతో తుడుచుకొని వచ్చాడు. వంగి చెయ్యి చాచాడు.

"ముట్టద్దు అన్నా," అన్నాడు వినోద్ నవ్వుతూనే. "చెయ్యి అవసరమే లేదు. ఫోన్లకెల్లి నడుస్తది."

తన ఫోను మీద బొటనవేలు ఆనించాడు. దేవదాస్ చాచిన చేతి కింది నుంచి రోబో గుర్రుమంటూ జరిగి వెళ్లిపోయింది.

"పెద్దల్లుని చెయ్యి జూసి ఉరికింది!" అంది మోతీబాయి. ఇల్లంతా నవ్వింది. జ్యోతి కూడా నవ్వి, మొగుడి మొహం చూసి ఆపేసింది.

రోబో గోడ వెంబడి పోయింది, తలుపు మూల తిరిగింది, బియ్యం సంచుల వెనక దూరి ఆగిపోయింది. ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు. వినోద్ ఫోనులో ఇంకో బొమ్మ మీద వేలు పెట్టాడు. పోగొట్టుకున్నప్పుడు ఎక్కడుందో చెప్పే ఏర్పాటది. సంచుల వెనక నుంచి ఒక ఆడగొంతు సాగదీస్తూ పలికింది: "ఐ యామ్ హియర్."

హీరాబాయి కదలకుండా నిలబడిపోయింది.

"ఏమన్నది?"

వినోద్ మళ్లీ నొక్కాడు. మళ్లీ పలికింది.

"హీరా అన్నది," అంది హీరాబాయి. "మోతీ, ఇన్నవా? నా పేరు పెట్టి పిల్చింది!"

"అవ్వో, అవు! హీరా అనే అన్నది," అంది మోతీబాయి. జమ్లి గడప దాటి లోపలికొచ్చి, తనకూ ఒకసారి వినిపించమంది.

తండాలో ఆమె అందరికీ హీరాబాయి, లేదంటే జ్యోతి తల్లి. ఉత్త 'హీరా' అని పిలిచినవాడు పోయిన మొగుడు రూప్లా ఒక్కడే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. హీరాబాయి మాత్రం కొంగుతో సంచుల మీది దుమ్ము దులిపి, వాటిని తానే పక్కకు జరిపి, రోబోను బయటకు తీసింది.

అది ఇంగ్లీషు ముక్క అని, 'నేనిక్కడున్నా' అనడమేనని దేవదాస్‌కు వెంటనే అర్థమైంది. వినోద్ వైపు చూశాడు. వినోద్‌కూ తెలుసు. కానీ అతను చూపు దించుకొని, "మస్తుంటది అత్తా, వాడి చూడు" అన్నాడు. అది పేరు కాదన్న మాటను దేవదాస్ వెంటనే బయటపెట్టలేదు. అవసరం వచ్చినప్పుడు తీద్దామని దాచుకున్నాడు.

బాన్సువాడకు బయలుదేరేటప్పుడు మాత్రం నోరు ఊరుకోలేదు. "బండి కొన్నా, ట్రాక్టర్ కొన్నా పూజ చేసినంకనే రోడ్డెక్కుతది. దీనికి నిమ్మకాయ గూడ లేకపాయె" అని గడపలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు. ఆ వస్తువు పాడవాలని అతను అనుకోలేదు. పాడైతే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

పెద్దల్లుడి మాట హీరాబాయి కొట్టేయదు. మంగళవారం పొద్దున్నే రోబోకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయ పెట్టింది. తర్వాత ట్రాక్టరు బానెటు ముందు ఎలా చేస్తారో అలాగే కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ దాని నెత్తిన పోసింది. రోబో ఒకసారి కీచుమంది. ఎర్ర దీపం వెలిగింది. అదీ ఆరిపోయింది.

వినోద్‌కు ఫోను చేస్తే, నీళ్లు పడితే వారంటీ వర్తించదని, ఫికర్ చేయొద్దని, వీలు చూసుకొని ఇంకోటి తెస్తానని చెప్పాడు. హీరాబాయి ఇంకోటి వద్దంది. "గదే గావాలె. గదే నన్ను గుర్తు పట్టింది" అంది. రోబోను తువ్వాల్లో చుట్టుకొని, ఆటో ఎక్కి బాన్సువాడ వచ్చి, అల్లుడి దుకాణం ముందు దిగింది.

"పెద్దల్లుడా, పిలుస్తలేదు" అంది.

ఊడవడం లేదని ఆమె అనలేదు. దేవదాస్ అది గమనించాడు.

"కొబ్బరినీళ్లు లోపట పడ్డయి. చూస్త గని, చెప్పలేను" అన్నాడు గంభీరంగా. నిజానికి లోపలున్న సంబరాన్ని దాచడానికే ఆ గంభీరం. వినోద్ తెచ్చింది చచ్చింది. బతికితే తన చేత్తోనే బతకాలి. బతకకపోతే గొడవే లేదు. ఎటు పడ్డా తనకే లాభం. చాలా కాలం తర్వాత ఆ మధ్యాహ్నం దేవదాస్ చాయ్ తీపిగా తాగాడు.

విప్పి చూశాడు. లోపలంతా బంకబంకగా ఉంది. చీమలు కూడా చేరాయి. స్పిరిట్‌తో తుడిచాడు, పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో రుద్దాడు, బోర్డు ఆరబెట్టాడు, బ్యాటరీ దగ్గర పచ్చగా తుప్పు పట్టిన కొసలు గీకాడు. మళ్లీ బిగించి చార్జింగు పెడితే దీపం వెలిగింది. నడుస్తుందో లేదో చూడాలంటే ఏదో ఒక ఫోనుకు కలపాలి. తన ఫోనుకు కలిపాడు. కలపగానే వినోద్ ఫోనుతో దానికి ఉన్న సంబంధం తెగిపోయింది.

దుకాణం తలుపు దగ్గరికి వేసి దాన్ని నడిపించి చూశాడు. అది బల్ల కిందికి దూరి, ఏళ్లుగా అక్కడ రాలిపడ్డ చిన్న చిన్న స్క్రూలను టకటకమని మింగింది. దేవదాస్ మోకాళ్ల మీద కూర్చొని, దాని వెంట పాకుతూ, కింద తల పెట్టి చూశాడు. ఇంత మంచి వస్తువును తాను తేలేకపోయాడు. సడ్డకుడు తెచ్చాడు. ఆ ఆలోచన రాగానే లేచి నిలబడి, "మోటరు నాసి మాల్" అని ఎవరూ లేని దుకాణంలో పైకే అన్నాడు.

రోబోను తండాకు తీసుకుపోయిన రోజు జ్యోతి కూడా వచ్చింది. నడింట్లో పెట్టగానే మోతీబాయి, జమ్లి హాజరు. ఈసారి ఆపేవాడు లేడు. హీరాబాయి, "నీ చేతితోనే చెయ్యి" అంది. దేవదాస్ నింపాదిగా వంగి, రోబో నెత్తి మీది బటన్ నొక్కాడు. అది గుర్రుమంటూ బయలుదేరింది. టైల్సు మీద పిండి మరకలు మాయమవుతుంటే, జేబులో చెయ్యి పెట్టి, ఎవరికీ కనిపించకుండా ఫోను తీసి బొమ్మ మీద నొక్కాడు.

"ఐ యామ్ హియర్."

హీరాబాయి మొహం వెలిగింది. "పిల్చింది! జూసినవా మోతీ, ఎంత మంచిది తెచ్చిండు మా చిన్నల్లుడు!"

దేవదాస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. చీమలు ఏరింది తాను, తుప్పు గీకింది తాను, ఇప్పుడు పిలిపించింది తాను. పేరు మాత్రం హైదరాబాదులో టీషర్టు వేసుకున్నవాడికి.

దాచుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. అది నీ పేరు కాదత్తా, ఇంగ్లీషు ముక్క, నీకు నీ పేరు వినబడుతుందంతే. ఒక్క వాక్యం చాలు, వినోద్ పేరు ప్రతిష్ఠలు టైల్సు మీద నీళ్లలా జారిపోతాయి. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ వాక్యంతో పిలుపు పోతుంది. పిలుపు పోతే తాను బతికించినది ఉత్త చీపురే అవుతుంది. నోరు తెరిచాక ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "అత్తా, ఇది ఇగ నా ఫోన్లనే నడుస్తది. పొద్దుగాల నాకు ఫోన్ చెయ్యి, నడిపిస్త" అన్నాడు.

"పిలుసుడు గూడ నువ్వేనా?" అని అడిగింది హీరాబాయి.

అవునని అనబోయాడు. అంతలో మోతీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిసుక్కుమంది. "ఏం మాట హీరాబాయి! అల్లుడు అత్తను పేరు పెట్టి పిలుస్తడా? గా సిగ్గు లేనోడా?"

దేవదాస్ చెవులు ఎర్రబడ్డాయి. "ఛ, నేనెందుకు పిలుస్త? అది దానంతట అదే పిలుస్తది" అన్నాడు.

"మరి పేరు ఎవ్వలు నేర్పిండ్రు?"

"తెచ్చినోడే నేర్పి ఉంటడు," అని తేల్చేసింది జమ్లి.

అక్కడితో ఆ కీర్తి కూడా వినోద్ ఖాతాలో పడింది. దేవదాస్ తన నోటితోనే దారి మూసుకున్నాడు.

వచ్చేటప్పుడు దారిలో జ్యోతి తన యాడి, అంటే అమ్మ, సంగతి ఎత్తింది. "నెత్తి మీద బటన్ ఉండె గద. మా యాడి గది ఒత్తుకుంటే సరిపోదా? రోజు నీకెందుకు ఫోన్ చేసుడు?"

"నీళ్లు పడ్డ మిషిని. ఎవ్వలు పడితే వాళ్లు ముట్టద్దు."

"ఎవ్వలు పడితే వాళ్లంటే, మా యాడేనా?" అంది జ్యోతి. దేవదాస్ బండి వేగం పెంచాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగానే గడిచింది. పొద్దున్నే ఫోను మోగేది. "పెద్దల్లుడా, జర నడిపియ్యి" అనేది హీరాబాయి. దేవదాస్ సందులో అందరికీ వినపడేలా, "ఆగత్తా, ఇప్పుడే తండాల ఇల్లు ఊడుస్త" అని ఫోను తీసేవాడు. ఎదుటి చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు నోరు తెరిచి చూసేవారు. బాన్సువాడలో నిలబడి తండాలో ఇల్లు ఊడ్చే మనిషిని వాళ్లెన్నడూ చూడలేదు. ఊడవడం అయ్యాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పిలిపించేవాడు.

ఒకరోజు వినోద్‌కుమార్ ఫోను చేశాడు. దేవదాస్ దీనికి సిద్ధంగానే ఉన్నాడు.

"అన్నా, రోబో నీ ఫోన్ల ఉందట గద."

"ఉంది. నీకు షేర్ చేద్దామంటే ఓటీపీ వస్తలేదు," అన్నాడు దేవదాస్ ముందే తయారు చేసుకున్న అబద్ధం.

"అయ్యో, వద్దన్నా, నీ దగ్గరనే ఉంచుకో. నేను పొద్దుగాల షోరూంకు ఉరుకుడే ఉంటది, అత్త రోజు ఫోన్ చేస్తే పరేషాన్ అయితుండె. నువ్వు చూసుకుంటున్నవు, మస్తయింది."

ఫోను పెట్టేశాక దేవదాస్ చాలాసేపు స్క్రూడ్రైవరు పట్టుకొని ఏ ఫోనూ విప్పకుండా కూర్చున్నాడు. బలవంతంగా లాక్కున్నదనుకున్నది, అవతలివాడు వదిలించుకున్నది. దానికి మళ్లీ 'మస్తయింది' అని మెచ్చుకోలు.

ఇంకొన్నాళ్లకు ఒక పొద్దున ఫోను మోగలేదు. దేవదాస్ ఇంట్లోనే ఉన్నాడు. ఫోను అటూ ఇటూ తిప్పాడు. సిగ్నలు ఉంది. యాప్ తెరిచి చూస్తే ఇల్లు ఊడవడం అయిపోయిందని చూపిస్తోంది. తాను నడిపించకుండానే.

జ్యోతి పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది. చేతుల చప్పుడు ఆగలేదు.

"బటన్ సంగతి నువ్వే చెప్పినవా?" అన్నాడు.

"మోకాళ్లు నొస్తయి గని, కాలి బొటనవేలు మంచిగనే ఉంది మా యాడికి. కాలితోని ఒత్తుతుందట."

కాలితో. తన హస్తవాసికి మిగిలిన చోటు కూడా అత్తగారి కాలి కిందికి పోయింది.  పిలిపించే బొమ్మ మీదికి వేలు తీసుకుపోయి, ఆపేశాడు. పిలవకపోతే ఏమవుతుంది? ఎవరికోసం పిలవాలి? పేరు వినోద్‌కు రావడానికా? ఫోను జేబులో పెట్టేశాడు.

"ఇయ్యాల పిలిపియ్యవా?" అంది జ్యోతి.

దేవదాస్ ఉలిక్కిపడి చూశాడు.

"నేను పదో తరగతి పాసైన," అంది ఆమె రొట్టె పెనం మీద వేస్తూ. "హియర్ అంటే నాకెర్క లేదా?"

"మరి మీ యాడికి చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పినవా?"

దేవదాస్ చెప్పులు వేసుకున్నాడు. బయటకు రాగానే ఫోను మోగింది. అత్త.

"పెద్దల్లుడా, ఇయ్యాల పిల్వలే. ఊడ్సుడు మంచిగనే ఊడ్చింది. నేనే నడిపిచ్చిన. పిలుసుడే మర్చిపోయింది. నేర్పినోనికే ఎర్క ఉంటది, జర వినోద్‌ను అడుగుతవా?"

దేవదాస్ ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. కాల్ నడుస్తుండగానే యాప్ తెరిచాడు. నొక్కాడు.

ఫోనులోంచి, తండా ఇంట్లోంచి, ఆ ఆడగొంతు సన్నగా వినిపించింది.

"ఆగు ఆగు, పిల్చింది!" అంది హీరాబాయి. "వద్దులే, అడుగకు. వినోద్ నేర్పింది ఏడికి పోతది?"

ఫోను పెట్టేసింది.